చక్రాలు దిగాయని విమానానికి ఎలా తెలుస్తుంది?

ఆ మధ్య వానాకాలంలో విశాఖ నుంచి హైదరాబాద్ వస్తున్నాను. శంషాబాద్‌లో వాన. దిగేటప్పుడు విమానం నేలకు గట్టిగానే తగిలింది. పైన సామాన్ల అరల మూతలు కటకటలాడాయి. వెనక ఎక్కడో పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. నా పక్కన కూర్చున్న మామ్మగారు సీటు చెయ్యి వదలకుండానే నా వైపు తిరిగి, "ఏటి బాబూ, బియ్యం బస్తా పడేసినట్టు పడేసేడు?" అన్నారు.

"వాన కదండీ మామ్మగారూ. రన్‌వే తడిగా ఉంటే కావాలనే కొంచెం గట్టిగా దింపుతారు" అన్నాను.

"కావాలనా?" ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. పైలట్ నాకు మేనల్లుడో ఏమో అని అనుమానం వచ్చినట్టుంది. "టికెట్టు డబ్బులు మాత్రం మెత్తగానే తీసుకున్నాడు."

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆవిడకు చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది, అదే ఇక్కడ రాస్తున్నాను. నేను పాతికేళ్ళుగా విమానాల కింద తిరిగే మనిషిని. మెయింటెనెన్స్ నా వృత్తి. ప్రయాణికులు విమానం రెక్కల్ని చూస్తారు, ఇంజన్లను చూస్తారు. కింద నిలబడేవాడికి కళ్ళెదుట ఎప్పుడూ ఉండేది ల్యాండింగ్ గేరే. గ్రీజు పూసేది దానికే, నడుం పట్టేసేది దాని దగ్గరే. దాని గురించి ఇన్నేళ్ళలో నాకో అభిప్రాయం స్థిరపడింది. గేర్ అంటే అందరూ చక్రాలు, షాక్ అబ్జార్బర్లు, లావుపాటి ఉక్కు కాళ్ళు అనుకుంటారు. ఉక్కు సంగతి మనిషి ఎప్పుడో తేల్చేశాడు. ఇప్పటికీ పూర్తిగా తేలనిది వేరే ఉంది. చక్రాలు దిగి లాక్ అయ్యాయా? మనం ఇప్పుడు నేల మీద ఉన్నామా, గాల్లో ఉన్నామా? ఈ రెండు ప్రశ్నలకు ప్రతిసారీ సరైన జవాబు రావడమే అసలు కష్టం. గేర్ పేరు వినిపించే పెద్ద ప్రమాదాల్లో నేను చదివినవాటిలో ఉక్కు విరిగి మనుషులు పోయినవి తక్కువ. తెలియక పోయినవే ఎక్కువ.

ముందు ఆ దెబ్బ సంగతి చూద్దాం.

మేమెక్కిన ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం దిగేటప్పుడు సుమారు 60 టన్నులు ఉంటుంది. మామూలు ల్యాండింగ్‌లో అది కిందికి దిగే వేగం సెకనుకు రెండు మూడు అడుగులే. ఆ కిందికి దిగే కదలికలో ఉన్న శక్తిని లెక్క కడితే, మన ఇంట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ముప్పావు గంట వెలగడానికి సరిపోతుంది. అంతే. అదే క్షణంలో విమానం ముందుకు గంటకు 250 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటుంది. ఆ కదలికలో ఉన్న శక్తి 40 యూనిట్ల కరెంటుతో సమానం. నెలకు 240 యూనిట్లు కాలే ఇంటికి ఐదు రోజుల వాడకం అది. దాన్నంతా అర నిమిషం అటూ ఇటూగా వదిలించుకోవాలి. బ్రేకుల వంతుకు వచ్చినదంతా వేడిగా మారుతుంది. అందుకే బ్రేకుల ఉష్ణోగ్రత 300 డిగ్రీల పైన ఉంటే ఏ320 మళ్ళీ టేకాఫ్ తీసుకోకూడదు. మండువేసవిలో వెంటవెంటనే తిరిగే విమానం "ఆపరేషనల్ కారణాల వల్ల" ఆలస్యమైందంటే, ఒక్కోసారి ఆ కారణం చక్రాల మధ్య చల్లారుతూ ఉంటుంది. మామ్మగారు తిట్టింది బల్బుని. ఐదు రోజుల కరెంటు సంగతి ఆవిడకు తెలియకుండానే అయిపోయింది.

ఇక గట్టిగా తగలడం అంటారా? గరిష్ఠ ల్యాండింగ్ బరువుతో సెకనుకు 10 అడుగుల వేగంతో దిగినా తట్టుకోవాలని ప్రయాణికుల విమానాల నిబంధన. అంటే అడుగున్నర ఎత్తు నుంచి విమానాన్ని జారవిడిచినంత దెబ్బ. పైగా 12 అడుగుల వేగం దెబ్బకు కూడా గేర్ కూలిపోకూడదని వేరే పరీక్ష. ఆ రోజు మాకు తగిలింది నా అంచనాలో ఐదడుగులు దాటి ఉండదు. విమానవాహక నౌకల మీద దిగే యుద్ధవిమానాలైతే దీనికి రెట్టింపు పైగా వేగాన్ని తట్టుకునేలా కడతారు. 2020 జనవరిలో ఐఎన్ఎస్ విక్రమాదిత్య మీద మన నావికాదళ తేజస్ మొదటిసారి దిగినప్పటి వీడియో చూడండి. ముక్కు ఎత్తి నెమ్మదించడం ఏమీ లేదు, వచ్చిన వాలులోనే వచ్చి డెక్కును గుద్దింది. మామ్మగారు అందులో ఉంటే ఏమనేవారో!

ఈ దెబ్బను మింగేదాన్ని మేం ఓలియో అంటాం. హోళీ పిచికారీ ఎప్పుడైనా పట్టుకున్నారా? మెల్లగా నొక్కితే నీళ్ళు సులువుగా వస్తాయి. ఒక్కసారిగా గట్టిగా నొక్కబోతే చేతికి ఎదురు తిరుగుతుంది. నొక్కే వేగం రెండింతలైతే ఎదురుదెబ్బ దాదాపు నాలుగింతలు. ఓలియో అదే. ఒక లావు గొట్టం, అందులోకి జారే పిస్టన్, కింద నూనె, పైన నైట్రోజన్ వాయువు, మధ్యలో చిన్న రంధ్రం. చక్రం నేలను తాకగానే పిస్టన్ పైకి జరుగుతుంది, నూనె ఆ ఇరుకు దారిలోంచి దూరాలి. దూరేటప్పుడు వేడెక్కుతుంది. దెబ్బలోని శక్తి అలా నూనెలో వేడిగా మారిపోతుంది. ఉత్త స్ప్రింగే పెడితే విమానం బంతిలా ఎగురుతుంది, ఎందుకంటే స్ప్రింగు తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. నూనె ఇవ్వదు. నైట్రోజన్ పని వేరే. విమానం నిలబడి ఉన్నప్పుడు బరువు మోసేది అదే. మీరు ఎక్కే ముందు ఎప్పుడైనా గమనిస్తే, చక్రం పైన కాలికి అద్దంలా మెరిసే భాగం కొంత కనిపిస్తుంది. ఆ మెరుపు ఎంత పొడవు ఉందో కొలిచి, లోపలి ప్రెషర్‌ను చార్టుతో సరిపోల్చి చూసుకోవడం మా పని. రోజూ చూసి చూసి, దూరం నుంచే "ఈ కాలు దిగిందే" అనిపిస్తుంది. అయినా కొలవాలి. కంటిని నమ్మి సంతకం పెట్టకూడదు.

ఇంతవరకు ఉక్కు, నూనె. ఇక నా వాదనకు వస్తాను.

కాలు ముడుచుకుందంటే బరువు పడింది. బరువు పడిందంటే నేల మీద ఉన్నాం. కాలి దగ్గర ఉండే సెన్సర్లు ఈ ముడుచుకోవడాన్ని పసిగట్టి కంప్యూటర్లకు చెబుతాయి. ఆ మాట అందాకే రెక్కల మీద పలకలు నిట్టనిలువుగా లేస్తాయి. వాటినే స్పాయిలర్లు అంటారు. అవి లేస్తేనే రెక్క ఇంకా ఎత్తిపెడుతున్న బరువు చక్రాల మీదికి దిగి, బ్రేకులు పట్టు దొరకబుచ్చుకుంటాయి. ఇంజన్ గాలిని ముందుకు మళ్ళించి విమానాన్ని నెమ్మదింపజేసే రివర్సర్లు తెరుచుకోవడానికీ ఆ అనుమతే కావాలి. అంటే ఆ ధబ్ మామ్మగారి నడుముకే కాదు, విమానానికీ తెలియాలి.

తెలియకపోతే ఏమవుతుందో 1993 సెప్టెంబర్ 14న వార్సాలో తేలింది. లుఫ్తాన్సా వారి ఏ320, ఫ్లైట్ 2904. వాన, రన్‌వే మీద నీళ్ళు. గాలి కుడిపక్క నుంచి వస్తుందని చెప్పారు కనుక పైలట్లు కొంచెం కుడికి ఒరిగి దించారు. కుడి కాలు ముందు తాకింది. నిజానికి అప్పటికి గాలి వెనక నుంచి నెడుతోంది, వేగం ఎక్కువగా ఉంది. ఎడమ కాలు తాకడానికి 9 సెకన్లు పట్టింది. రెండు కాళ్ళూ ముడుచుకుంటే తప్ప నేల మీద ఉన్నట్టు కాదని ఆ విమానానికి నేర్పారు. లేదా చక్రాలు 72 నాట్లకు, అంటే గంటకు సుమారు 133 కిలోమీటర్లకు, మించిన వేగంతో తిరగాలి. నీళ్ళ మీద జారుతున్న చక్రం తిరగనే లేదు. స్పాయిలర్లు లేవవు, రివర్సర్లు తెరుచుకోవు. 2,800 మీటర్ల రన్‌వేలో సగం దాటిపోయాక విమానం "ఓహో, దిగాం" అనుకుంది. చివర మట్టి కట్టను గుద్దుకుని కాలింది. ఇద్దరు చనిపోయారు.

దీన్ని చదివినవాళ్ళు వెంటనే అనేమాట, "అంత మూర్ఖపు నిబంధన ఎవడు పెట్టాడు?" అని. మూర్ఖం కాదు. అంతకు రెండేళ్ళ ముందే, 1991 మే 26న, థాయ్‌లాండ్ మీద ఎగురుతున్న లౌడా ఎయిర్ వారి బోయింగ్ 767లో ఒక ఇంజన్ రివర్సర్ గాల్లోనే తెరుచుకుంది. 223 మందిలో ఒక్కరూ మిగల్లేదు. గాల్లో తెరుచుకుంటే చావు, నేల మీద తెరుచుకోకపోతే చావు. మధ్యలో తీర్పు చెప్పాల్సింది ఒక ఉక్కు కాలు ఎన్ని అంగుళాలు ముడుచుకుందన్న సమాచారం. కాబట్టి తడి రన్‌వే మీద పైలట్ గట్టిగా దించితే, నీటి పొరను చీల్చి చక్రాన్ని నేలకు తాకించడం కోసం, విమానానికి సందేహం లేకుండా చెప్పడం కోసం దించినట్టు. మెత్తగా జారుతూ రన్‌వే సగం తినేసి, చప్పట్లు కొట్టించుకునే ల్యాండింగ్ చూస్తే నాకు మెచ్చుకోబుద్ధి కాదు.

మిగిలిన ప్రశ్న, గేర్ దిగి లాక్ అయిందా అన్నది, ఇంకా చిక్కైనది.

గేర్ దిగడంలో పెద్ద రహస్యం లేదు. మన మోకాలే. నిలబడి కాలు పూర్తిగా చాపి, మోకాలిని ఒక్క పిసరు వెనక్కి నొక్కి చూడండి. కండరాల శ్రమ లేకుండా ఒంటి బరువంతా ఎముకలే మోస్తాయి. గేర్ పక్కన ఉండే మడత ఊత కూడా అలా తిన్నగా చాపుకుని, ఒక పిసరు దాటి, స్ప్రింగులతో బిగుసుకుంటుంది. అలా బిగిశాక హైడ్రాలిక్ ప్రెషర్ మొత్తం పోయినా అది మడవదు. ఎత్తినప్పుడు మాత్రం పైన ఒక కొక్కెం పట్టుకుని ఉంటుంది. హైడ్రాలిక్స్ పనిచేయకపోతే ఆ కొక్కేలను విడిపిస్తే చాలు, గేర్ దాని బరువుకు అదే పడుతుంది. ఏ320లో పైలట్ల మధ్య ఒక చేతి పిడి ఉంటుంది, దాన్ని పైకి లాగి మూడు చుట్లు తిప్పాలి. ముందు చక్రం ముందుకు మడిచేలా కట్టడంలో కిటుకు కూడా ఇదే. విడిపించినప్పుడు ఎదురుగాలే దాన్ని వెనక్కి నెట్టి లాక్ చేస్తుంది. ఈ డిజైన్ చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. కరెంటు లేదు, నూనె లేదు, గాలి, భూమ్యాకర్షణ ఉన్నాయి చాలు.

మరి ఇంత తేలికైనది ఎక్కడ దెబ్బతింటుంది? 1972 డిసెంబర్ 29 రాత్రి, ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 401, సరికొత్త ట్రైస్టార్ విమానం. మయామీలో దిగబోతూ గేర్ లీవర్ దించారు. మూడు పచ్చ దీపాలు వెలగాలి, ముందు చక్రానిది వెలగలేదు. బల్బు మాడిపోయింది, గేర్ శుభ్రంగా దిగి లాక్ అయి ఉంది. ఆ సంగతి లోపల ఎవరికీ తెలియదు. వెలగని దీపం "బల్బు పోయింది" అన్నదానికీ "గేర్ దిగలేదు" అన్నదానికీ ఒకేలా ఉంటుంది. 2,000 అడుగుల ఎత్తుకు వెళ్ళి ఆటోపైలట్ పెట్టి, ఆ దీపం తొడుగు ఊడదీయడంలో పడ్డారు. అది ఇరుక్కుపోయింది. ముందు చక్రాన్ని కిందనుంచి కంటితో చూసే ఏర్పాటు ఒకటి ఆ విమానంలో ఉంది, దానికోసం ఫ్లైట్ ఇంజనీర్ కింది అరలోకి దిగాడు. ప్రయాణిస్తున్న మెయింటెనెన్స్ మనిషి ఒకాయన, అంటే నాలాంటివాడే, ఆయనా సాయం వెళ్ళాడు. ఈలోగా ఎవరో తెలియకుండా కంట్రోల్ కాలమ్‌ను, అంటే పైలట్ ముందుండే నడిపే పిడిని, నెట్టినట్టున్నారు, ఎత్తు నిలబెట్టే ఆటోపైలట్ భాగం విడిపోయింది. విమానం నెమ్మదిగా జారుతోంది. కింద ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి, ఒక్క దీపం లేని చీకటి. ఎత్తు తప్పుతోందని ఒక చిన్న గంట మోగింది, ఎవరి చెవికీ అందలేదు. 176 మందిలో 101 మంది చనిపోయారు.

ఈ సంఘటన నేను ట్రైనీగా ఉన్నప్పుడు మొదటిసారి విన్నాను. చెప్పినాయన "పైలట్లు పరధ్యానంలో పడ్డారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అప్పుడు తలూపాను. ఇప్పుడు ఊపను.

ఆరేళ్ళకు, 1978 డిసెంబర్ 28న, పోర్ట్‌లాండ్‌లో అదే కథ ఇంకో రకంగా జరిగింది. యునైటెడ్ 173, డీసీ-8. తుప్పు తిన్న రాడ్ ఊడి, కుడి గేర్ ఒక్కసారిగా పడింది. పెద్ద చప్పుడు, కుదుపు. సూచిక దీపం రాలేదు. ఆ విమానంలో పాత పద్ధతి ఒకటి ఉంది. గేర్ దిగి లాక్ అయితే రెక్క పైభాగాన చిన్న మేకులాంటి గుర్తు బయటికి పొడుచుకొస్తుంది. సిబ్బంది చూశారు, గుర్తు బయటే ఉంది. జవాబు చేతిలో ఉంది. అయినా కెప్టెన్‌కు నమ్మకం చాలలేదు. గేర్ కూలితే ప్రయాణికులను ఎలా దించాలన్న ఏర్పాట్లు చూసుకుంటూ సుమారు గంటసేపు చుట్టూ తిరిగాడు. ఇంధనం అయిపోయింది. 189 మందిలో 10 మంది పోయారు. పక్కనున్నవాళ్ళు ఇంధనం గురించి గట్టిగా చెప్పలేకపోయారన్నది విచారణలో బయటపడ్డాక, పైలట్లందరికీ ఇప్పుడు తప్పనిసరిగా నేర్పే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ ఊపందుకుంది. 1981లో దాన్ని పెట్టింది ఆ యునైటెడ్ సంస్థే.

మా తోటి ఇంజనీర్ ఒకడు ఈ వాదన ఎత్తినప్పుడల్లా విసుక్కుంటాడు. "ఇవన్నీ మనిషి తప్పులురా, గేర్ తప్పులు కావు. నువ్వు అనవసరంగా కలుపుతున్నావు" అంటాడు. నేను ఒప్పుకోను. దిగానో లేదో స్పష్టంగా చెప్పలేని గేర్ నా దృష్టిలో సగం గేరే. డిజైన్ చేసేవాళ్ళు కూడా చివరికి అదే ఒప్పుకున్నారు. ఏ320లో ఒక్కో గేర్‌ను రెండు వేర్వేరు కంప్యూటర్లు, వేర్వేరు సెన్సర్లతో చూస్తాయి. స్క్రీన్ మీద ఒక్కో కాలికి రెండేసి త్రిభుజాలు. ఒకటి పచ్చగా ఉన్నా ఆ కాలు లాక్ అయినట్టే. ఇవి కాక ప్యానెల్ మీద దీపాలు వేరే. ఒక బల్బు మాడిపోయినంత మాత్రాన ఇప్పుడు ఎవరూ చీకట్లో పడిపోరు. మనిషిని మార్చి సాధించింది కాదు ఇది, చెప్పే పద్ధతి మార్చి సాధించింది.

కానీ నా స్నేహితుడి చేతిలో ఒక పదునైన ఉదాహరణ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2020 మే 22, కరాచీ. పాకిస్తాన్ ఇంటర్నేషనల్ 8303, ఇదే ఏ320. మరీ ఎత్తుగా, మరీ వేగంగా వచ్చారు. ప్రాథమిక నివేదిక ప్రకారం గేర్ ముందుగానే దించారు, తర్వాత దగ్గరికి వచ్చాక లీవర్ మళ్ళీ పైకి వెళ్ళింది. గేర్ లేదన్న హెచ్చరికలు కాక్‌పిట్‌లో మోగుతూనే ఉన్నాయి. అలాగే దించారు. ఇంజన్లు రన్‌వే మీద రాసుకుని నిప్పులు చెరిగాయి. మళ్ళీ పైకి లేచారు. దెబ్బతిన్న ఇంజన్లు రెండూ ఆగిపోయి విమానం ఇళ్ళ మధ్య కూలింది. 99 మందిలో ఇద్దరే బతికారు. ఇక్కడ విమానం చెప్పింది. ఎర్రగా చెప్పింది, మోగించి చెప్పింది. వినే స్థితిలో ఎవరూ లేరు. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. అన్ని హెచ్చరికలూ ఒకేసారి మోగుతున్నప్పుడు ఏ ఒక్కటీ వినబడదన్నది మాత్రం నాకు అనుభవమే, హ్యాంగర్‌లో కూడా.

పోలండ్‌కు చెందిన లాట్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 16 కథ దీనికి అవతలి కొస. 2011 నవంబర్ 1, బోయింగ్ 767, నెవార్క్ నుంచి వార్సాకు. బయల్దేరిన కాసేపటికే గేర్ దించే హైడ్రాలిక్ సిస్టమ్ లీకై ఖాళీ అయింది. ఫర్వాలేదు, కొక్కేలు విడిపించడానికి వేరే కరెంటు మోటారు ఉంది. వార్సా దగ్గర ఆ స్విచ్ వేశారు, ఏమీ జరగలేదు. చివరికి కెప్టెన్ తాదెయుష్ వ్రోనా 231 మందితో పొట్ట మీద దించాడు, ఒక్కరికీ గాయం కాలేదు. దేశమంతా నెత్తిన పెట్టుకుంది, పెట్టుకోవాల్సిందే. తర్వాత ఆ విమానాన్ని క్రేన్లతో పైకెత్తి, కాక్‌పిట్‌లో నేలకు దగ్గరగా బయటికి పొడుచుకొచ్చి ఉన్న ఒక సర్క్యూట్ బ్రేకర్ బటన్‌ను నొక్కి, స్విచ్ వేశారు. గేర్ దర్జాగా దిగింది. మన ఇంట్లో ఎంసీబీ పడిపోయి ఫ్యాన్ తిరగకపోతే ముందు ఎక్కడ చూస్తామో, అదే. అయితే ఇంట్లో ఎంసీబీలు ఎనిమిదో పదో. అక్కడ వందలు.

టైర్ల మాట చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే నా వృత్తికి ద్రోహం. కారు టైరులో గాలి 32 పి.ఎస్.ఐ. ఉంటే, ఏ320 ప్రధాన టైరులో సుమారు 200 ఉంటుంది. నింపేది నైట్రోజన్. ఎందుకంటే, 1986 మార్చి 31న మెక్సికానా 727లో బ్రేకు పట్టేసి వేడెక్కిన ఒక టైరు, అందులో నైట్రోజన్‌కు బదులు మామూలు గాలి ఉండటంతో, ఎత్తిన తర్వాత గూటిలోనే పేలింది. 167 మంది పోయారు. మామూలు గాలిలో ఆక్సిజన్ ఉంటుంది, కాగిన రబ్బరు ఆవిరికి అది చాలు.

1991 జూలై 11న జెడ్డాలో జరిగింది మాత్రం నేను చదివి, పుస్తకం మూసేసి, బయటికి వెళ్ళి టీ తాగి వచ్చి మళ్ళీ చదివిన కథ. హజ్ ముగించుకుని నైజీరియాలోని సొకోటోకు తిరిగి వెళ్తున్న యాత్రికులు, ఒక కెనడా సంస్థ నడుపుతున్న డీసీ-8. టైర్లలో గాలి తక్కువగా ఉందని మెకానిక్‌లకు తెలుసు. నైట్రోజన్ దగ్గర్లో దొరకలేదు. ఆలస్యానికి పై అధికారి ఒప్పుకోలేదు. గాలి తగ్గిన టైరు తన భారం పక్క టైరు మీద వేస్తుంది. పరుగులో ఆ టైరు నలిగి, కాగి, పగిలింది. రాపిడికి మంట పుట్టింది. విమానం లేచింది, అలవాటు ప్రకారం గేర్ ఎత్తారు. అంటే మండుతున్న చక్రాన్ని తెచ్చి పొట్టలో పెట్టుకున్నారు. చక్రాల గూటిలో మంటను పసిగట్టే సెన్సర్ ఆ విమానానికి లేదు. పైలట్లకు మొదట కనబడింది క్యాబిన్ ప్రెషర్ సమస్య, తర్వాత హైడ్రాలిక్స్ సమస్య. అసలు జబ్బు తప్ప అన్నీ కనబడ్డాయి. రన్‌వేకు చేరువలో విరిగి పడింది. 261 మంది.

నాకు తెలియనిది ఏమీ లేదన్నట్టు రాస్తున్నానేమో. నా సంగతీ చెప్పాలి. బేగంపేటలో విమానాశ్రయం ఉన్న రోజులు, నేను ట్రైనీని. రాత్రి నిలిపిన విమానానికి గేర్ పొరపాటున మడవకుండా పిన్నులు పెడతాం, ఒక్కో దానికి పొడవాటి ఎర్ర రిబ్బన్. పొద్దున బయల్దేరే ముందు తీసేయాలి. మరిచిపోతే గేర్ మడవదు. ఆ రోజు తెల్లవారుజామున సీనియర్ ఒకాయన అడిగారు, "పిన్నులు తీసినవా?" అని. "తీసేశాను సార్" అన్నాను. ఆయన ట్రాక్టర్ బోనెట్ మీద చేత్తో తట్టి, "తీసినా అని చెప్పుడు కాదు. తెచ్చి ఈడ పెట్టు" అన్నారు. పెట్టాను. రెండు. మూడోది ముందు చక్రానిది, రాత్రి గాలికి దాని రిబ్బన్ కాలికి చుట్టుకుపోయి వెనక పడింది, నాకు కనబడలేదు. కనబడనిది తీసేసినట్టే లెక్కేసుకున్నాను. ఆయన తిట్టలేదు. నేను పరుగెత్తి తెచ్చేదాకా ఆ రెండు పిన్నుల వైపు చూస్తూ నిలబడ్డారు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

పిన్ను మరిచిపోవడం ఒక రకమైతే, గేర్ ఎత్తడమే మరిచిపోవడం ఇంకో రకం. 2017 జూలైలో కోల్‌కతా నుంచి ముంబై బయల్దేరిన ఒక ఏ320 చక్రాలు దించుకునే గంటన్నర ఎగిరింది. వేగం రావడం లేదు, ఎత్తు రావడం లేదు, ఇంధనం మాత్రం నీళ్ళలా ఖర్చవుతోంది. ఎందుకో తోచక చివరికి నాగపూర్ దారి పట్టారు. నవ్వొచ్చే కథే, ఎవరికీ ఏమీ కాలేదు కనుక.

నవ్వు రాని కథ 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో లేచీ లేవగానే కూలిన ఎయిర్ ఇండియా విమానానిది. ఆ రోజు మధ్యాహ్నం నుంచే టీవీల్లో, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో ఒకటే మాట, "గేర్ ఎందుకు ఎత్తలేదు?" వీడియోలో చక్రాలు కనబడుతున్నాయి కదా, కాబట్టి అదే కారణం. నన్ను అడిగిన ప్రతివాడికీ ఒకటే చెప్పాను, చక్రాలు దించుకున్న విమానం బద్ధకంగా లేస్తుందే గానీ, రెండు ఇంజన్లూ పనిచేస్తుంటే ఆ ఒక్క కారణంతో పడిపోదు అని. నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదిక, గేర్ లీవర్ కిందికే ఉందని రాస్తూనే, ఒక సెకను తేడాతో రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లూ కటాఫ్‌కు, అంటే ఇంధనం ఆపేసే స్థానానికి, మారాయని రాసింది. గేర్‌కు ఉన్న శాపం అది. బయటికి కనబడేది అదొక్కటే, కాబట్టి నింద ముందు దాని మీద పడుతుంది. నిజంగా దాని లోపల ఏం జరిగిందో మాత్రం కనబడదు.

ఈసారి కిటికీ పక్కన కూర్చుంటే ఒకటి గమనించండి. విమానాన్ని వెనక్కి నెట్టి ట్రాక్టర్ విడిపోయాక, ఒక కుర్రాడు పక్కకు వచ్చి, ఎర్ర రిబ్బన్ వేలాడే పిన్ను ఒకటి చెయ్యెత్తి పైలట్‌కు చూపిస్తాడు. టాటా చెబుతున్నాడని పిల్లలు తిరిగి చేతులూపుతుంటారు. అది ముందు చక్రం స్టీరింగ్‌ను విడదీసి ఉంచే పిన్ను. తీశాను, ఇదిగో నా చేతిలో ఉంది, నీ చక్రం ఇక నీ ఇష్టం అని చెప్పడం. రేడియోలో అంటే చాలదు. చూపించాలి, పైలట్ చూశానని చెయ్యి ఊపాలి.

మొన్న తిరుపతి వెళ్తుంటే నా సీటు ఎడమవైపు వచ్చింది. కుర్రాడు కుడివైపు నిలబడ్డాడేమో, నాకు కనబడలేదు. మా ఆవిడ పేపరు నా ఒళ్ళో పెట్టి, "ఇంకా ఎవరికోసం వెతుకుతున్నారు?" అంది. విమానం లేచింది. కాళ్ళ కింద మోటారు మూలిగినట్టు చప్పుడు, గాలి హోరు, ఒక కుదుపు, కొక్కెం పడిన ఠక్కు, తలుపులు మూసుకున్న ఠక్కు. అప్పుడు పేపరు తెరిచాను.